ఎండాకాలపు గడియ

ఆయన్ని మొదటిసారి చూసింది గూడెం నుంచి ఏలూరు వెళ్ళే పాసింజరు రైల్లో. శనివారం మధ్యాహ్నం. నేను తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి, ఏలూరులో మా ఇంటికి పోతున్నాను. ఎదురు సీట్లో యాభై అయిదేళ్ళ మనిషి ఒక ఇత్తడి గిన్నెని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసుకుని, దాని అడుగువంక చూస్తున్నారు. చేబ్రోలు దాటినా దించలేదు.

పక్కన కూర్చున్నావిడ జాలిపడింది. "చిల్లు పడిందాండీ? ఏలూరులో మాటు వేస్తారు లెండి."

"చిల్లు నేనే పెట్టించానమ్మా. కాకపోతే పెద్దదైపోయింది," అన్నారాయన.

అదేమిటని నేనడిగాను.

"గడియారం అండీ," అన్నారు.

ఆయన ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఒక ఊళ్ళో హైస్కూలు మాస్టారు. ఫిజికల్ సైన్సు చెబుతారు. కాపురం గూడెంలోనే. రోజూ గణపవరం మీదుగా బస్సులో వెళ్ళి, దిగాక చేపల చెరువుల గట్ల మీద షేర్ ఆటోలో బడికి చేరతారు. అడుగున సన్నటి చిల్లున్న గిన్నెని నీళ్ళ మీద వదిలితే, చిల్లులోంచి నీళ్ళు ఎక్కి, కొంతసేపటికి గిన్నె మునిగిపోతుంది. సరిగ్గా ఇరవై నాలుగు నిమిషాలకి మునిగితే అది ఒక గడియ. రోజుకి అరవై గడియలు. గడియారం అన్న మాటలో ఉన్న గడియ అదే. పూర్వం పెళ్ళి ముహూర్తాలు ఈ గిన్నె పక్కన కూర్చునే చూసేవారు.

ఇదంతా నాకు తెలుసు. తెలియడమంటే పుస్తకంలో చదివానని. మా కాలేజీలో విజ్ఞానశాస్త్ర చరిత్ర అని ఒక ఐచ్ఛిక పేపరు పెట్టారు. ఎవరూ తీసుకోకపోతే నా నెత్తిన వేశారు. ఏ దేశంలో నీడతో కాలాన్ని ఎలా కొలిచారో, గ్రహణాలు ఎవరు లెక్కకట్టారో, రాజులు జ్యోతిష్కుల్ని ఎందుకు పోషించారో నోట్సు చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకునేవారు. ఆ చరిత్రలో ఒక్క వస్తువునైనా నేను చేత్తో పట్టుకోలేదు. ఆవేళ రైల్లో మాస్టారు నా చేతికిచ్చిన గిన్నే మొదటిది.

"పందొమ్మిది నిమిషాలకే మునిగిపోతోందండీ. మాటు వేయించి, మళ్ళీ ఇంకా సన్నటి సూదితో పెట్టించాలి," అన్నారు.

ఏలూరులో దిగాక నేనూ ఆయన వెంట వెళ్ళాను. ఇత్తడి సామాన్లు చేసే ముసలాయన మమ్మల్ని చూసి, "చిల్లులు పూడ్పించుకోడానికి వస్తారు గానీండీ, పెట్టించుకోడానికి వచ్చింది మీరొక్కరే," అని నవ్వాడు. నాలుగు గిన్నెలు పాడయ్యాక అయిదోది కుదిరింది. కుదిరిన రోజు మాస్టారు ఆ దుకాణం అరుగుమీద బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, గిన్నె బుడుంగున మునగ్గానే నా చెయ్యి పట్టుకున్నారు. గిన్నె కుదిరాక కూడా ఆయనకి ఏలూరులో ఏదో ఒక పని ఉండేది, చాలా శనివారాలు కలిసి ప్రయాణం చేశాం. నాకు అంతకు ముందు గానీ తర్వాత గానీ అంత దగ్గరి స్నేహితుడు లేడు.

ఆయన నాలాగ కాదు. గొప్పవాళ్ళ కథలంటే ఆయనకి పెద్దగా ఆసక్తి లేదు.

"లెక్క కట్టినాయన పేరు పుస్తకాల్లో ఉంటుందండీ. గిన్నె పక్కన కూర్చుని నీళ్ళు చూసినవాడెవడు? వాడి పేరెక్కడుంది? రోజూ చూసేవాడికి ఏదో ఒకటి తెలిసే ఉంటుంది. తెలిసినా ఎవరికి చెప్పుకుంటాడు?" అన్నారొకసారి.

ఒంటిపూట బడులు మొదలైన మార్చిలో ఎనిమిదో తరగతి పిల్లల చేత కొలతలు మొదలుపెట్టించారు. సెలవులు పోను వాళ్ళు తొమ్మిదిలోకి వచ్చాక కూడా కొనసాగించారు. ఒకసారి నేను వెళ్ళి చూశాను. మధ్యాహ్న భోజనం వండే ఆవిడని అడిగి తెచ్చుకున్న పెద్ద డేక్సా వరండాలో పెట్టారు. ఒకడు గిన్నె మీద నుంచి కళ్ళు తిప్పడు. ఒకమ్మాయి మాస్టారి ఫోనులో స్టాపువాచీ పట్టుకుంది. ఒకడు థర్మామీటరు చూస్తున్నాడు. ఇంకో అమ్మాయి రాస్తోంది. ఆ ఇరవై నాలుగు నిమిషాలూ ఒక్కరూ మాట్లాడలేదు. మాట్లాడొద్దని వాళ్ళకెవరూ చెప్పలేదు కూడా.

రాసే అమ్మాయి నాన్న చేపల చెరువుల మీద మేత వేసే పనికి వెళ్తాడు. ఆ పిల్ల పుస్తకం మామూలు రూళ్ళ నోటుబుక్కే. తేదీ, పూట, నీళ్ళ వేడి, మునగడానికి పట్టిన సేపు. కొట్టివేతలున్న చోట ఎందుకు కొట్టేసిందో పక్కన చిన్నక్షరాలతో రాసింది. 'గాలికి గిన్నె ఊగింది.' 'చిల్లులో నాచు.' 'నేను ఆలస్యంగా చూశాను.' మా కాలేజీ ల్యాబు రికార్డుల్లో అంతా సరిపోతుంది, ఎందుకంటే జవాబు ముందు తెలుసుకుని అంకెలు వెనక్కి వేసుకొస్తారు. దిద్దేది నేనే కాబట్టి నాకు తెలుసు. అంత నిజాయితీ గల కొలతల పుస్తకం నేను అంతకు ముందు చూడలేదు.

చలికాలం వచ్చేసరికి పిల్లలకి ఒకటి తేలింది. నీళ్ళు వేడిగా ఉంటే గిన్నె తొందరగా మునుగుతోంది. చల్లగా ఉంటే ఆలస్యం. తేడా నిమిషానికి కాస్త అటూ ఇటూ. కానీ ఉంది, ప్రతిసారీ ఉంది. వేడి నీళ్ళు పలచబడి చిల్లులోంచి చురుగ్గా ఎక్కుతాయని మాస్టారికి తెలుసు. పిల్లలకి చెప్పకుండా నెలల తరబడి నోరు కట్టుకున్నారు. ఆ సంగతి నాకు రైల్లోనే చెప్పారు.

"ఇంకోటి వినండి," అన్నారు. "ఆ రాసే పిల్ల లేచి ఏమందో తెలుసాండీ? 'మాస్టారండీ, మరి పూర్వం వైశాఖంలో పెళ్ళిళ్ళకి ముహూర్తం తప్పేదాండీ?' అంది. నేను ఇరవై ఏళ్ళ నుంచి పాఠాలు చెబుతున్నానండీ. నన్నొక పిల్ల అలాంటి ప్రశ్న అడగడం ఇదే."

"మీరేమన్నారు?"

"తప్పే ఉంటుందమ్మా అన్నాను. అందుకే పగలు కర్ర పాతి, నీడతో సరిచూసుకునేవాళ్ళు అన్నాను. 'మరి రాత్రి ముహూర్తాలకో?' అంది." ఆయన పకపకా నవ్వారు. బోగీలో అందరూ మావైపు చూశారు.

ఆ జనవరిలో ఏలూరులో జిల్లా సైన్సు ప్రదర్శన జరిగింది. అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు, ఆకివీడు కూడా మాతోనే ఉండేది. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. పిలిచారు అనడం కన్నా పిలిపించుకున్నాను అనడం నిజం. అలాంటి వాటిలో పేరుంటే కాలేజీలో లెక్కలోకి వస్తాం.

మాస్టారి పిల్లలకి ఒక మూల బల్ల దొరికింది. డేక్సా, గిన్నె, నోటుబుక్కు, వెనక గోడకి చార్టు. చార్టు మీద ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలు: 'మా గడియకు ఒక లోపం ఉంది. అది మేము కొలిచాం.' కింద చేత్తో గీసిన గ్రాఫు.

ముఖ్య అతిథి రావడానికి ఇంకా అరగంట ఉంది. ప్రదర్శన చూసుకునే అధికారి అన్ని బల్లలూ తిరుగుతూ ఇక్కడికొచ్చి ఆగారు. మెత్తటి మనిషి. పిల్లల్ని ఏమ్మా, ఏం నాన్నా అని పలకరిస్తారు. ఇది చెబుతున్నది ఎందుకంటే, ఆవేళ అక్కడ దుర్మార్గులెవరూ లేరు.

"మాస్టారూ, లోపం అన్న మాట దేనికండీ?" అన్నారాయన. "అతిథి గారు మన పూర్వీకుల విజ్ఞానం గురించే మాట్లాడబోతున్నారు. 'ఏ లోపమూ లేని ప్రాచీన గడియారం' అని రాయించెయ్యండి. ముచ్చటగా ఉంటుంది."

"లోపం ఉందండీ. పిల్లలు ఏడాది నుంచీ కొలుస్తున్నారు."

"ఉంటే ఉందిలెండి. ఇవాళే చెప్పాలా?"

"పూర్వీకుల్ని తక్కువ చెయ్యడం కాదండీ," అన్నారు మాస్టారు. "వాళ్ళకీ తెలిసే ఉంటుంది. తెలిసే, నీడతో సరిచూసుకున్నారు. అసలు లోపమే లేదంటే, వాళ్ళు పడిన పాటంతా లేదన్నట్టే కదండీ?"

పక్క బల్ల దగ్గరున్న ఇంకో టీచరు, చెడు ఉద్దేశమేం లేకుండానే, నవ్వుతూ కల్పించుకున్నాడు. "ఆ పిల్ల ముహూర్తాలు కూడా తప్పేనంటోందండీ."

అధికారి ముఖం మారింది. "ముహూర్తాల దాకా వెళ్ళారాండీ? రేపు పేపర్లో వస్తే ఎవరు జవాబు చెప్పాలి?" అని, నావైపు తిరిగారు. "మీరు చెప్పండి సార్. డిగ్రీ కాలేజీ వారు. ఈ కొలతలు నమ్మచ్చా?"

మాస్టారు నావైపు చూడను కూడా లేదు. నోటుబుక్కు తెరిచి నా ముందుకి జరిపారు, అంతే. నేనేం చెబుతానో ఆయనకి అనుమానం లేదు. ఆ పుస్తకం గురించి రైల్లో ఎన్నిసార్లు పొగిడాను!

"పిల్లల కొలతలు కదండీ," అన్నాను. "తప్పులుండొచ్చు."

అంతే అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

చార్టు తీసేశారు. వేరే బడి నుంచి వచ్చిన డ్రాయింగు మాస్టారు పది నిమిషాల్లో రంగుల అక్షరాలతో కొత్త చార్టు రాసిచ్చాడు. ఎవరో గిన్నెకి పసుపు రాసి కుంకుమ పెట్టారు. మాస్టారు మెట్ల మీదకి వెళ్ళి కూర్చున్నారు. ఆ అమ్మాయి మాత్రం నా దగ్గరికి వచ్చింది. భయపడుతూనే వచ్చింది గానీ, కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"ఏ కొలత తప్పండీ? చెప్తే మళ్ళీ కొలుస్తామండీ."

"తర్వాత మాట్లాడదాంలే అమ్మా," అన్నాను.

అతిథి గారు వచ్చి గిన్నెని నీళ్ళలో వదిలారు. చప్పట్లు, ఫోటోలు. అది మునగడానికి ఇరవై నాలుగు నిమిషాలు పడుతుందని చెబితే, "భలే భలే" అని పక్క బల్లకి నడిచారు. గిన్నె మునిగేసరికి అక్కడ పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఆ బల్లకి మొదటి బహుమతి ఇచ్చాం. మార్కుల కాగితం మీద నా సంతకమూ ఉంది. బహుమతి తీసుకోడానికి మాస్టారు స్టేజీ ఎక్కలేదు.

తర్వాత శనివారం ఆయన రైల్లో లేరు. ఆపై శనివారమూ లేరు. ఈలోగా ఊళ్ళో మాట పాకింది. మాస్టారు పిల్లలకి పెళ్ళి ముహూర్తాలన్నీ అబద్ధాలని చెబుతున్నారట, మన ఆచారాల్ని ఎగతాళి చేయిస్తున్నారట. నలుగురు పెద్దలు బడికి వచ్చి మర్యాదగానే మాట్లాడి వెళ్ళారట. ఆ పై వారానికి ఆయన్ని మండలం ఆఫీసుకి వేశారు. కంప్యూటరు ముందు కూర్చుని ఏ బడిలో ఎన్ని గుడ్లు వచ్చాయో, ఎందరు తిన్నారో ఎక్కించే పని. శిక్ష అని ఎక్కడా రాయలేదు.

నెలకి గానీ నాకు ధైర్యం చాలలేదు. ఒక ఆదివారం గూడెంలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఏం చెప్పాలో రైల్లో అంతా కూడగట్టుకున్నాను.

"నేను తప్పు మాట్లాడానండీ," అన్నాను.

"లేదండీ. మీరు తప్పేం చెప్పలేదు." ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "తప్పులుండొచ్చు అన్నారు. ఉండొచ్చు. ఏ కొలతకైనా ఉండొచ్చు. పిల్లలకి మొదటి రోజు నేను నేర్పిన మాట కూడా అదేనండీ. నేనా మాట నేర్పింది వాళ్ళు మళ్ళీ కొలవడానికి. అదే మాటతో చార్టు తీసేయించొచ్చని నాకు తట్టలేదు."

తర్వాత, "అన్నది మరెవరైనా అయితే బాగుండేదండీ," అన్నారు.

కాఫీ తాగకుండా లేవడం బాగుండదని తాగాను.

నా పేపరులో ఒక పాఠం ఉంది. భూమి కదలదనీ, నక్షత్రాలే దాని చుట్టూ తిరుగుతాయనీ అందరూ అనుకునే కాలంలో, మన దేశంలో ఒకాయన భూమే తనచుట్టూ తాను తిరుగుతోందని రాశాడు. ఆయన తర్వాత వ్యాఖ్యానాలు రాసినవాళ్ళలో కొందరు ఆ మాటని సర్దేశారు. ఆయన ఉద్దేశం అది కాదన్నారు, అర్థాన్ని ఇంకోవైపు తిప్పారు. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఆ వ్యాఖ్యాతల మీద చాలా వెటకారం చేసేవాణ్ణి, క్లాసు నవ్వేది. ఆ ఏడాది నా వల్ల కాలేదు. వాళ్ళు మూర్ఖులు కారు. ఆ గ్రంథాన్ని అక్షరమక్షరం చదివినవాళ్ళు, దాని విలువ మిగతావాళ్ళకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, శిష్యులున్నారు, సభల్లో కూర్చోడానికి చోటుంది. ఎవరో పెద్దమనిషి వాళ్ళవైపు తిరిగి, మీరు చెప్పండి అని ఉంటాడు. పాఠం ఉన్నది ఉన్నట్టు చదివి దిగాను.

మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. ఆ పిల్ల సంగతి చాలాకాలం తెలియలేదు. తెలుసుకోడానికి నేను ప్రయత్నించలేదనాలి. బళ్ళు తెరిచాక పది పాసయిందనీ, ఇంటర్లో చేర్చలేదనీ, వాళ్ళ నాన్నకి నడుం దెబ్బతిందనీ మాస్టారి బడిలో పనిచేసే ఇంకొకాయన చెప్పాడు. మా మూలంగానే ఆ పిల్ల చదువు ఆగిందని అననుగానీ, కాదని కూడా అనలేను.

పోయినేడు ఒక పెళ్ళికి ఆకివీడు వెళ్ళాను. ఆ పిల్ల అక్కడికి దగ్గర్లోనే రొయ్యల షెడ్డులో పని చేస్తోందని మాస్టారి బడిలో పనిచేసే ఆయనే చెప్పి ఉన్నాడు. భోజనాలు అయ్యాక మా ఆవిడని బంధువుల దగ్గర కూర్చోబెట్టి నడిచి వెళ్ళాను. రోడ్డు వారన ఐసు లారీలు, షెడ్డు గుమ్మం దాకా రొయ్యల తలల కంపు. గుమ్మంలో ఉన్న మనిషికి, బంధువునని అబద్ధం చెప్పాను. తలకి టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతులకి గ్లౌజులతో వచ్చింది. ఇరవై ఏళ్ళు దగ్గర పడ్డ పిల్ల. నేను గుర్తుపట్టలేదు. తనే పట్టింది.

"మీరు జడ్జి గారు కదండీ?"

"అవునమ్మా. ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. ఆ రోజు నువ్వడిగావు కదా. ఆ కొలతల్లో తప్పేం లేదు. ఆ రోజే నాకు తెలుసు."

ఆ అమ్మాయి చేతి గ్లౌజు సర్దుకుంది.

"తెలుసండీ," అంది. "మేం మళ్ళీ కొలిచామండీ. మాస్టార్ని పంపేశాక, బళ్ళు మూసేదాకా. ప్రతిసారీ అంతే వచ్చిందండీ."

"మరి ఎవరికైనా చూపించావా?"

"ఎవరికి చూపించాలండీ?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే నాకేమైనా తెలుస్తుందేమోనని అడిగింది. లోపల్నుంచి ఎవరో కేకేశారు. "వెళ్ళొస్తానండీ, ఐసు కరిగిపోద్ది," అని వెళ్ళిపోయింది. గుమ్మంలో మనిషి నన్ను పక్కకి జరగమన్నాడు, లారీ వెనక్కి వస్తోందని.

ఈ సంగతి చెప్పాలని మళ్ళీ మాస్టారింటికి వెళ్ళాను. ఆయన్ని ఎప్పుడో తిరిగి బడికి వేశారు. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఇప్పుడు పదో తరగతి పిల్లలకి బిట్లు బట్టీ పట్టిస్తారు. ఆ బడి ఫలితాలు మండలంలో అందరికన్నా పైనున్నాయనీ, హెడ్మాస్టరు గారు ఆయన్ని తెగ మెచ్చుకుంటారనీ విన్నాను. నేను చెప్పిందంతా విన్నారు. పిల్లలు మళ్ళీ కొలిచారన్నప్పుడు మాత్రం తల తిప్పి కిటికీ బయటికి చూశారు.

"నాకు చెప్పలేదండీ ఆ పిల్లలు," అన్నారు.

తర్వాత ఆయనే లేచి, "మీరిక ఇది వదిలెయ్యండి. నేను వదిలేశాను. ఎండగా ఉంది, ఆటో పిలవమంటారాండీ?" అన్నారు. ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. మళ్ళీ రమ్మనలేదు.

మా విజ్ఞానశాస్త్ర చరిత్ర పేపరుని ఈ ఏడాది తీసేశారు. విద్యార్థులు కూడా ఎవరూ అడగలేదు. నైపుణ్యాల కోర్సు ఏదో దాని స్థానంలో వచ్చింది. నేను అభ్యంతరం చెప్పలేదు. ప్రదర్శనలకి మాత్రం ఇప్పటికీ పిలుస్తారు. పోయిన డిసెంబరులో కూడా వెళ్ళాను. ఒక బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు వాళ్ళ చెరువుల నీళ్ళలో ఏమేం కలుస్తున్నాయో పరీక్ష చేసి చార్టు పెట్టారు. అది కాస్త వెనక వరసలో పెట్టిద్దామా సార్ అని ఒకాయన నా చెవిలో అడిగారు. సరేనండీ అన్నాను. మార్కులు వేసి, సంతకం పెట్టి, అక్కడ పెట్టిన భోజనం చేసి ఇంటికొచ్చాను.